నూనె మానినా తగ్గారు... నూనె తాగినా తగ్గారు!

సన్నబడే చిట్కాల్లో నిజమెంత? నీళ్లెంత?

1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు పెళ్లివారి విందు మొత్తం ఒక్కడే ఊదేస్తుంటే హాలు హాలంతా లొట్టలేసింది. అదే చిత్రంలో శశిరేఖ... మన సావిత్రి! బొద్దుగా, ముద్దుగా ఉన్న ఆ శశిరేఖను చూసి "ఓ అయిదు కిలోలు తగ్గితే బాగుణ్ణు" అనుకున్న ప్రేక్షకుడు ఆనాడు ఒక్కడైనా ఉన్నాడంటారా?

కాలం మారింది. కెమెరా కన్ను మారింది. దాంతోపాటు మన కన్నూ మారింది! 2006లో 'రాఖీ'లో భారీగా కనిపించిన చిన్న ఎన్టీఆర్, 2007లో 'యమదొంగ' నాటికి సగమై వచ్చేసరికి కుర్రకారు నోరు వెళ్లబెట్టింది. కథ గురించి ఎంత మాట్లాడుకున్నారో తెలీదు గానీ, "ఏం తిన్నాడు? ఏం మానేశాడు?" అన్న ప్రశ్న మాత్రం ప్రతి కాలేజీ క్యాంటీన్‌లోనూ వినపడింది.

2015లో అనుష్క ఇంకో సాహసం చేసింది. 'సైజ్ జీరో' కోసం పనిగట్టుకుని ఒళ్లు పెంచింది. ఆర్య హీరో, ప్రకాష్ కోవెలమూడి దర్శకుడు. సన్నబడాలన్న పిచ్చిని సొమ్ము చేసుకునే ఓ క్లినిక్కు, దాన్ని నడిపే ప్రకాష్‌రాజ్, ఆ మాయలో పడి ఆస్పత్రి పాలైన స్నేహితురాలు... ఇదీ కథ. వసూళ్ల సంగతి అలా ఉంచండి. ఆ చిత్రం అడిగిన ప్రశ్న మాత్రం ఇవాళ్టికీ పాతబడలేదు. సన్నబడే పద్ధతులంటూ మన చెవిన పడేవాటిలో నిజంగా పనిచేసేవెన్ని? ప్రాణం మీదికి తెచ్చేవెన్ని?

ఇది సరదాకి అడుగుతున్న ప్రశ్న కాదు సుమండీ! 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. మగవాళ్లలో నూటికి 31 మంది. ఇంతమంది ఉన్నచోట చిట్కాలు అమ్మేవాళ్లకు కరువుండదు గదా!

ఒకే ఊరు... రెండు దారులు

తమాషా చూడండి. తెలుగునాట బరువు తగ్గించే పద్ధతుల్లో ఇంటింటా మోగిపోయినవి రెండు. రెండిటికీ బెజవాడతోనే బాంధవ్యం.

ఒకటి మంతెన సత్యనారాయణ రాజుగారిది. ఉప్పు వద్దు, నూనె వద్దు, పంచదార వద్దు. మొలకెత్తిన గింజలు, పచ్చి కూరగాయలు, పళ్లు తినండి, లీటర్ల కొద్దీ మంచినీళ్లు తాగండి అంటారాయన. విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ఆశ్రమానికి వెళ్లి తగ్గి వచ్చిన వాళ్లు ఎందరో ఉన్నారు.

రెండోది వీరమాచనేని రామకృష్ణగారిది. 2017, 2018 ప్రాంతాల్లో ఊరూరా సభలు, టీవీల్లో గంటల తరబడి చర్చలు! ఆయన చెప్పింది సరిగ్గా తిరగేసిన మాట. అన్నం వద్దు, చపాతీ వద్దు, పళ్లు కూడా వద్దు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు... కొబ్బరినూనె కానివ్వండి, వెన్న కానివ్వండి... తీసుకోవాల్సిందే! దానికి తోడు 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, 2 విటమిన్ మాత్రలు. చాలామంది డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. ముఖ్యంగా షుగరు రోగులు మందులు మానేసి ఇలాంటివి మొదలుపెడితే ప్రమాదమన్నారు. ఆ మాట ఇవాళ్టికీ నిజమే.

ఇంతకీ అసలు తమాషా ఏమిటంటే, నూనె మానిన వాళ్లూ తగ్గారు, నూనె తాగిన వాళ్లూ తగ్గారు! అత్తగారు మొదటి పద్ధతిలో తగ్గితే కోడలు రెండో పద్ధతిలో తగ్గి, ఎవరి గురువు గొప్పో తేల్చుకోలేక తగువులాడుకున్న ఇళ్లూ ఉండే ఉంటాయి.

మరి ఎవరు చెప్పింది నిజం?

ఈ తగువు అమెరికాలోనూ ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి కొవ్వు తగ్గించమన్నారు. రెండో జట్టుకి పిండిపదార్థాలు తగ్గించమన్నారు. ఇద్దరికీ కలిపి చెప్పింది ఒకటే: కూరలు బాగా తినండి, పంచదార, మైదా దగ్గరికి రానివ్వకండి. ఏడాది గడిచింది. 2018లో ఫలితాలు వెలువడ్డాయి. కొవ్వు మానిన వాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి మానిన వాళ్లు సగటున 6 కిలోలు తగ్గారు. ఆ కాస్త తేడా లెక్కలోకి రాదని తేల్చారు. అయితే ఒక్కో జట్టులోనూ పాతిక కిలోలు తగ్గిన వాళ్లున్నారు, తగ్గకపోగా పెరిగిన వాళ్లూ ఉన్నారు. అంటే తేడా పద్ధతిలో కంటే, దాన్ని పట్టుకుని నిలబడటంలోనే ఎక్కువ.

ఇప్పుడు మన అత్తాకోడళ్ల దగ్గరికి రండి. ఒకరు నూనె మానారు, ఒకరు అన్నం మానారు. కానీ ఇద్దరూ కలిసి మానేసినవి ఏమిటో గమనించారా? సాయంత్రం మిరపకాయ బజ్జీలు, పెళ్లిలో జిలేబీలు, టీవీ ముందు మిక్స్చర్ పొట్లం, రోజుకు ఆరు టీలు, అందులో పన్నెండు చెంచాల పంచదార! ఒంట్లోకి వెళ్లే తిండి తగ్గింది. ఒళ్లు తగ్గింది. గురువు ఎవరైనా లోపల జరిగిన లెక్క ఒక్కటే.

మొదటి వారం మాయ

"వారంలో మూడు కిలోలు తగ్గానండీ!" అనే మాట వినే ఉంటారు. అబద్ధం కాదు, కాటా నిజమే చెప్పింది. కానీ అందులో కొవ్వెంత?

మన ఒళ్లు కాస్త పిండిపదార్థాన్ని కాలేయంలోనూ, కండరాల్లోనూ దాచుకుంటుంది. అది దాగేటప్పుడు ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూచుంటుంది. అన్నం మానేసిన మొదటి వారంలో ఈ నిల్వ ఖర్చయిపోతుంది. దాంతోపాటు నీళ్లూ పోతాయి. కాటా మీద ముల్లు గబగబా వెనక్కి తిరుగుతుంది. అదే మనిషి ఆదివారం పూట కడుపునిండా బిర్యానీ తింటే సోమవారం పొద్దున ఆ ముల్లు మళ్లీ ముందుకొస్తుంది. పోయింది నీళ్లు, వచ్చిందీ నీళ్లే! చాలా ప్రకటనలు బతికేది ఈ మొదటి వారం మీదే.

ఆవిరి గదులు, నడుముకు చుట్టే చెమట బెల్టులు, ప్లాస్టిక్ కోట్లు వేసుకుని పరుగెత్తడం... వీటి గుట్టూ ఇదే. చెమటలో పోయేది నీళ్లూ ఉప్పూ. రెండు గ్లాసుల మజ్జిగ తాగితే తిరిగొస్తాయి.

మరి కరిగిన కొవ్వు నిజంగా ఎటు పోతుందంటారా? ఊపిరిలో! ఆశ్చర్యంగా ఉంది కదూ? 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు ఒంట్లో పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మారి ముక్కులోంచి పోతుంది. తక్కిన 1.6 కిలోలు నీరవుతుంది. అలాగని ఊరికే కూచుని గట్టిగా ఊపిరి వదిలితే కళ్లు తిరుగుతాయి గానీ కొవ్వు తిరగదు! ఒంటికి పని చెబితేనే, తిండి తగ్గిస్తేనే ఆ కొవ్వు కదిలేది.

పద్మనాభం కొండ లెక్క

"పని చెబుదాం. తిండి మాత్రం మానం!" అనే వాళ్లకి ఓ చిన్న లెక్క.

విశాఖ జిల్లా పద్మనాభంలో అనంత పద్మనాభస్వామి కొండ ఉంది. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఇంగ్లీషు వాళ్లతో పోరాడి నేలకొరిగింది ఈ ఊళ్లోనే. కొండ మీది గుడికి పన్నెండు వందల పైచిలుకు మెట్లు. కార్తీక అమావాస్యనాడు మెట్టుమెట్టుకీ దీపం పెట్టే ఉత్సవానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి.

మెట్టు అరడుగు ఎత్తనుకుందాం. 1200 మెట్లంటే 600 అడుగులు. 70 కిలోల మనిషి అంత ఎత్తుకు తన ఒంటిని మోసుకెళ్లాలంటే, కండరాల్లో వేడిగా వృథా అయ్యేది కూడా కలుపుకుంటే, ఖర్చయ్యేది ఇంచుమించు 120 కేలరీలు. ఒక్క పూరీ, కాస్త కూర! కొండ దిగగానే కింద హోటల్లో రెండు ప్లేట్లు లాగించేస్తే స్వామివారికి పుణ్యం చెల్లింది, ఒంటికి మాత్రం బాకీ మిగిలింది. ఒక కిలో కొవ్వులో ఉండేది సుమారు 7700 కేలరీలు. అంటే తిండి ఏమాత్రం పెంచకుండా కొండ 64 సార్లు ఎక్కితే కిలో తగ్గుతుందన్నమాట!

అయితే కొండ ఎక్కడం దండగా? కానే కాదు. గుండెకి, కీళ్లకి, రక్తపోటుకి, షుగరుకి, నిద్రకి, మనసుకి అంతకు మించిన మందు లేదు. విశాఖ రామకృష్ణా బీచిలో తెల్లారగట్ల నడిచేవాళ్లని అడగండి, చెబుతారు. పైగా తగ్గిన బరువు తిరిగి రాకుండా కాపలా కాసేది వ్యాయామమే. అమెరికాలో 1994 నుంచి, బాగా తగ్గి ఆ తగ్గుదలని నిలుపుకున్న వాళ్ల వివరాలు నమోదు చేస్తున్నారు. వాళ్లలో ఎక్కువ మంది రోజుకు గంట చొప్పున ఒళ్లు వంచుతున్న వాళ్లే. తగ్గించేది కంచం, నిలబెట్టేది కాళ్లు. అదీ సంగతి!

ఇంకో భ్రమ కూడా వదిలేద్దాం. పొట్ట కోసం పొట్ట వ్యాయామం, తొడల కోసం తొడల వ్యాయామం చేస్తే అక్కడి కొవ్వే కరుగుతుందంటారు. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల చేతులు కొలిచి చూశారు. ఏళ్ల తరబడి ఒక్క చేత్తోనే బ్యాటు తిప్పుతారు గదా! ఆ చేతిలో కండ పెరిగింది. చర్మం కింద కొవ్వు మాత్రం రెండు చేతుల్లోనూ ఒకటే. కొవ్వు మనం చెప్పిన చోట కరగదు, దానికి తోచిన చోట కరుగుతుంది.

వంటింటి వైద్యం

ఇక ఇంట్లో అమ్మమ్మ చెప్పేవి, పక్కింటి పిన్నిగారు చెప్పేవి.

పరగడుపున వేడినీళ్లలో తేనె, నిమ్మరసం: కొవ్వు కరుగుతుందనడానికి ఆధారం లేదు. ఒక పెద్ద చెంచా తేనెలో 60 కేలరీల దాకా ఉంటాయి. పంచదార వేసిన కాఫీ మానేసి దీన్ని తాగితే ఏదో కాస్త లాభం. కాఫీతో పాటు ఇదీ తాగితే నష్టం.

ఉలవలు: మాంసకృత్తులు, పీచు ఉన్న మంచి గింజ. తిన్నవాళ్లకి త్వరగా ఆకలి వెయ్యదు. అంతవరకే దాని ఘనత. మీగడ వేసిన ఉలవచారుతో ముద్ద మీద ముద్ద లాగించి "ఉలవ తిన్నాను కదా" అంటే ఉలవ మాత్రం ఏం చేస్తుంది?

భోజనానికి ముందు నీళ్లు: దీనికి కాస్త ఆధారం ఉంది! 2010లో అమెరికాలో 55 ఏళ్లు దాటిన 48 మంది మీద పరీక్షించారు. అందరిదీ మిత భోజనమే. అందులో ప్రతి భోజనానికీ ముందు అరలీటరు నీళ్లు తాగిన వాళ్లు 12 వారాల్లో తక్కిన వాళ్లకంటే దాదాపు 2 కిలోలు ఎక్కువ తగ్గారు. ఖర్చులేని పని.

గ్రీన్ టీ: అంతకు ముందు జరిగిన పరీక్షలన్నీ 2012లో ఒకచోట చేర్చి చూశారు. తగ్గే బరువు లెక్కలోకి రానంత స్వల్పమని తేలింది.

మలబారు చింత మాత్రలు: 'గార్సీనియా' పేరుతో అమ్ముతారు. 1998లో 135 మందికి పరీక్ష పెట్టారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. 12 వారాల తర్వాత అసలు మందు వాళ్లు 3.2 కిలోలు, ఉత్తుత్తి మాత్ర వాళ్లు 4.1 కిలోలు తగ్గారు! ఇంతకంటే చెప్పేదేముంది?

ఆపిల్ వెనిగర్: దీని కథ సినిమా కంటే బాగుంటుంది. 2009లో జపాన్‌లో 12 వారాల పాటు వెనిగర్ తాగించి చూస్తే ఒకటి రెండు కిలోలు తగ్గారు. తాగడం మానగానే తిరిగొచ్చింది. 2024లో లెబనాన్ నుంచి ఇంకో పరీక్ష వచ్చింది. 12 నుంచి 25 ఏళ్ల కుర్రవాళ్లు మూడు నెలల్లో ఆరేడు కిలోలు తగ్గారట! ప్రపంచమంతా సీసాలు కొంది. తీరా నిపుణులు ఆ అంకెలు తిరగేసి చూస్తే నమ్మదగ్గవిగా లేవు. 2025లో పత్రికవాళ్లే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. సీసాలు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు!

ఉపవాసం: ఏకాదశి మనకి కొత్త కాదు. ఇప్పుడు దానికే గడియారం తగిలించి, రోజులో ఎనిమిది గంటల్లోనే తినమంటున్నారు. చైనాలో 139 మందితో ఏడాది నడిపిన పరీక్ష 2022లో వచ్చింది. అందరికీ ఒకే కొలత తిండి. గంటలు పాటించిన వాళ్లు 8 కిలోలు, పాటించని వాళ్లు 6.3 కిలోలు తగ్గారు. ఈ తేడా కూడా లెక్కకు నిలవలేదు. గంట కొట్టినా కొట్టకపోయినా తగ్గించింది తక్కువ తిండే. కొందరికి గడియారం పెట్టుకుంటే తక్కువ తినడం తేలిక. వాళ్లకి మంచిదే. ఏకాదశి పేరుతో ఉప్మా, అరటిపళ్లు, పాయసం కలిపి లాగించే వాళ్లకి మాత్రం ఫలితం వైకుంఠంలోనే!

కత్తి, సూది

ఇక్కడితో నవ్వులాట ఆపుదాం.

ఆర్తీ అగర్వాల్‌ని మరిచిపోలేదు గదా? 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో వచ్చి, 2002లో 'ఇంద్ర'లో చిరంజీవి సరసన మెరిసిన అమ్మాయి. 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో కన్నుమూసింది. అప్పటికి ఆమెకి 31 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుందని, ఆ తర్వాత ఊపిరి ఆడక బాధపడిందని ఆమె మేనేజరు చెప్పినట్టు పత్రికలు రాశాయి. లావైందని అనని నోరు లేదు ఆనాడు. పోయాక అయ్యో అనని నోరూ లేదు.

కొవ్వు పీల్చే ఆపరేషన్ అసలు బరువు తగ్గించే వైద్యం కాదు. ఒంటి తీరు దిద్దుకోవడానికి చేసేది. 2004లో అమెరికాలో 15 మంది స్థూలకాయ స్త్రీల ఒంట్లోంచి సుమారు పదేసి కిలోల కొవ్వు తీసి చూశారు. రక్తపోటు తగ్గలేదు, కొలెస్ట్రాల్ తగ్గలేదు, ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు. 2011లో వచ్చిన మరో పరీక్షలో, తీసిన కొవ్వు ఏడాదిలో తిరిగొచ్చింది. తొడల్లో తీస్తే పొట్ట పైభాగాన చేరింది!

మందుల చరిత్రా అలాంటిదే. 1930ల్లో అమెరికాలో డైనైట్రోఫినాల్ అనే రసాయనం మింగి చిక్కిపోయారు. కొందరికి కళ్లలో శుక్లాలు వచ్చాయి, కొందరి ప్రాణాలే పోయాయి. 1938లో దాన్ని ఆపేశారు. సైబుట్రమిన్ అనే మాత్ర గుండెపోటు, పక్షవాతం తెస్తోందని 2010లో అమెరికా, ఐరోపా బజార్ల నుంచి తొలగించారు.

ఇప్పుడు వచ్చిన సూదిమందుల సంగతి వేరు. వీటికి గట్టి ఆధారమే ఉంది. సెమాగ్లుటైడ్‌ని 1961 మంది మీద పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. 68 వారాల్లో సగటున బరువులో నూటికి 15 వంతులు తగ్గింది. ఉత్తుత్తి సూది వాళ్లకి తగ్గింది రెండున్నర వంతులే. టిర్జెపటైడ్ ఇంకా ముందుకెళ్లి 20 వంతుల దాకా తగ్గించింది. 2025 మార్చిలో అది మన దేశానికీ వచ్చింది. అయితే సూది మానేసిన ఏడాదికి, పోయిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు సెమాగ్లుటైడ్ పరీక్షలోనే తేలింది. వాంతులు, వికారం సరేసరి. ఇవి స్థూలకాయం జబ్బుగా మారిన వాళ్లకి డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందులు. పెళ్లిచూపులకి ముందు నెలరోజులు పొడిపించుకోవడానికి కాదు!

తెర మీద తగ్గడం... ఇంట్లో తగ్గడం

మన హీరో మూడు నెలల్లో ఆరు పలకల పొట్ట తెచ్చాడంటే అది అతని ఉద్యోగం. వండేవాడొకడు, వ్యాయామం చేయించేవాడొకడు, కాటా మీద నిలబెట్టేవాడొకడు. పైన లైటు, పక్కన మేకప్పు, వెనక గ్రాఫిక్స్! అంత వేగంగా తగ్గితే ఒళ్లు ఊరుకుంటుందా?

అమెరికాలో 'ది బిగ్గెస్ట్ లూజర్' అని ఓ టీవీ పోటీ ఉండేది. ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్లదే బహుమతి. అందులో 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన వాళ్లు, ఆరేళ్లలో 41 కిలోలు తిరిగి పెరిగారు. 14 మందిలో 13 మందికి బరువు తిరిగొచ్చింది. అంతకంటే విచిత్రం... ఏమీ చెయ్యకుండా పడుకున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే కేలరీలు ఉండాల్సిన దానికంటే రోజుకు 500 తగ్గిపోయాయి! కరువొచ్చిందనుకుని ఒళ్లు పొదుపు మొదలుపెట్టింది. అంచేత తిరిగి పెరిగిన వాళ్లని "నోరు కట్టుకోలేవు" అని ఎగతాళి చెయ్యకండి. వాళ్లు పోట్లాడుతున్నది తమ ఒంటితోనే.

మరి ఏం చెయ్యాలి?

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది చప్పగా ఉంటుంది. పోస్టరు మీద వెయ్యడానికి పనికిరాదు. వారానికి అరకిలో తగ్గితే చాలు, అదే క్షేమం! అంటే నెలకి రెండు కిలోలు. ఏడాదికి... మీరే లెక్కేసుకోండి.

ముందు నిజంగా తగ్గాలో వద్దో చూసుకోండి. అద్దాన్ని, బావగారి మాటనీ నమ్మకండి, టేపు తెచ్చుకోండి. నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే ఆలోచించాలి. దాటకపోతే హాయిగా సినిమాకి వెళ్లండి!

తగ్గాల్సిన వాళ్లు కంచంలో అన్నం ఒక గరిటె తగ్గించి, కూర, పప్పు ఒక గరిటె పెంచండి. పొట్లాల్లో వచ్చే తిండి తగ్గించండి. 2019లో అమెరికాలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా తిండి పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో తెలీకుండానే రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిని, రెండు వారాల్లో 900 గ్రాములు పెరిగారు. ఇంటర్వెల్లో కొనే ఆ పెద్ద పాప్‌కార్న్ డబ్బా, దాంతో కూల్‌డ్రింకు ఎవరి ఖాతాలో పడుతున్నాయో ఇప్పుడు అర్థమైందా?

ఇక మీద ఎవరైనా కొత్త పద్ధతి చెబితే, ఎన్ని కిలోలు తగ్గుతామని అడక్కండి. "వచ్చే సంక్రాంతికీ, ఆ పై సంక్రాంతికీ కూడా దీన్ని చెయ్యగలనా?" అని మిమ్మల్ని మీరే అడగండి. చెయ్యగలిగితే అది కూరగాయలతోనైనా సరే, గుడ్లతోనైనా సరే, మీ పద్ధతి అదే. చెయ్యలేనిదైతే ఎంత పెద్ద స్టారు చెప్పినా అది మూడు గంటల సినిమా లాంటిదే. చూసేటప్పుడు బాగానే ఉంటుంది. శుభం కార్డు పడ్డాక ఎవరింటికి వాళ్లు వెళ్లాల్సిందే!